క్లినికల్ కేసు ప్రశ్నలు: లైసెన్సు పరీక్షకు సాధన చేయవలసిన తీరు

వైద్య లైసెన్సు పరీక్షకు సిద్ధమయ్యే అభ్యర్థులలో చాలామందికి సబ్జెక్టు పరంగా పెద్ద లోటేమీ ఉండదు. అనాటమీ నుంచి మెడిసిన్ దాకా ఏళ్ల తరబడి చదివి, వార్డుల్లో తిరిగి వచ్చినవారే. అయినప్పటికీ ఒక రోగి కథను ఏడెనిమిది వాక్యాల్లో చెప్పి, చివర ‘తర్వాత ఏం చేస్తారు?’ అని అడిగేసరికి తడబడతారు. వారు జబ్బు పేరు కనిపెట్టడం దగ్గరే ఆగిపోతారు, ప్రశ్న మాత్రం నిర్ణయం అడుగుతుంది. పాఠ్యపుస్తకం జబ్బు పేరుతో మొదలై లక్షణాల వైపు నడుస్తుంది. కేసు ప్రశ్న లక్షణాలతో మొదలై నిర్ణయం వైపు నడుస్తుంది. ఈ ఎదురు నడక అలవడాలంటే పుస్తకాన్ని మరోసారి తిరగేయడం చాలదు, దానికి విడిగా సాధన కావాలి.

ముందుగా మీరు రాయబోయే పరీక్ష కొలతలు తెలిసి ఉండాలి. విదేశాల్లో వైద్యం చదివి వచ్చినవారు భారతదేశంలో రాసే ఎఫ్‌ఎంజీఈలో మొత్తం 300 ప్రశ్నలు ఉంటాయి. వాటిని 150 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఇస్తారు, 150 మార్కులు వస్తే ఉత్తీర్ణులైనట్టు. బ్రిటన్‌కు వెళ్లదలచినవారు రాసే ప్లాబ్ మొదటి భాగంలో 180 ప్రశ్నలకు మూడు గంటలు ఇస్తారు. రెండింటిలోనూ ఒక్కో ప్రశ్నకు సగటున దక్కేది ఒక నిమిషమే. అమెరికా పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో ప్రశ్నకు సుమారు 90 సెకన్లు వస్తాయి గానీ అక్కడ కేసు కథ చాలా పొడవు, ల్యాబ్ ఫలితాల పట్టికలు కూడా ఎక్కువ. ఆస్ట్రేలియా ఏఎంసీ రాత పరీక్షలో 150 ప్రశ్నలకు మూడున్నర గంటలు. ఈ పరీక్షలన్నీ ప్రధానంగా కోరేది ‘ఉన్నవాటిలో అన్నిటికంటే తగిన జవాబు’. అంటే ఇచ్చిన ఆప్షన్లలో రెండు మూడు సబబుగానే ఉండవచ్చు; ఈ రోగికి, ఈ క్షణంలో ఏది ముందో తేల్చడమే మీ పని.

ఆప్షన్లు మూసి చదవడం

సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆప్షన్లను కాగితంతో గానీ చేత్తో గానీ కప్పి ఉంచాలి. ముందుగా చదవవలసింది ప్రశ్న చివరి వాక్యం. జబ్బు ఏమిటని అడుగుతున్నారా, ఏ పరీక్ష చేయించాలని అడుగుతున్నారా, తక్షణ చికిత్స అడుగుతున్నారా, ఏ మందు ఇవ్వకూడదని అడుగుతున్నారా అన్నది తెలిశాక కథలోకి వెళితే కళ్లు వాటంతట అవే అవసరమైన వివరాల దగ్గర ఆగుతాయి. తర్వాత మొదటి వాక్యం: వయసు, ఆడా మగా, ప్రధాన బాధ, అది ఎంత కాలంగా ఉంది. ఈ నాలుగు వివరాలతోనే సాధ్యాసాధ్యాల జాబితా సగానికి తగ్గిపోవాలి. కామెర్లతో వచ్చిన రోగి రెండు రోజుల పసికందు అయితే ఆలోచన ఒక దారిలో, 65 ఏళ్లవాడై నొప్పి లేకుండా బరువు తగ్గుతూ ఉంటే పూర్తిగా వేరే దారిలో సాగాలి.

ఆ తర్వాత వైటల్స్. వీటిని చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తారు, నా దృష్టిలో కేసు ప్రశ్నల్లో పోయే మార్కుల్లో పెద్ద వాటా ఇక్కడే పోతుంది. ప్రశ్న రాసేవారు బీపీ, పల్స్, శ్వాస రేటు, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ శాతం ఊరికే ఇవ్వరు. రోగి నిలకడగా ఉన్నాడా లేదా అన్న సంగతిని మాటల్లో చెప్పకుండా అంకెల్లో చెబుతారు. బీపీ 84/50, పల్స్ 128 అని ఉన్న చోట స్కానింగ్ గదికి పంపే ఆప్షన్ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అనుమానంతోనే చూడాలి.

కథ మొత్తం చదివాక, ఆప్షన్లు ఇంకా మూసే ఉండగా, కేసును ఒకే వాక్యంలో మీ మాటల్లో రాయాలి. ‘అధిక రక్తపోటు ఉన్న 62 ఏళ్ల పురుషుడు, హఠాత్తుగా మొదలైన ఛాతీ నొప్పి, రెండు చేతుల్లో బీపీ తేడా’ అన్నట్టుగా. మనసులో అనుకుంటే సరిపోదా అని అడిగేవారుంటారు; తొలిదశలో సరిపోదు. రాసినప్పుడే మీరు ఏ వివరాన్ని వదిలేశారో కాగితం మీద కనిపిస్తుంది. ఆ వాక్యం కింద మీ జవాబు రాసి, అప్పుడు ఆప్షన్లు తెరవాలి. మీ జవాబు వాటిలో ఉంటే సరే, లేకపోతే మీ వాక్యాన్ని మళ్లీ చూసుకోవాలి. అంతే తప్ప ఆప్షన్‌కు తగ్గట్టు కథను వంచకూడదు.

ఈ పద్ధతికి ఒక గట్టి ఆధారం ఉంది. అమెరికాలో లైసెన్సు పరీక్ష ప్రశ్నలు రూపొందించే నేషనల్ బోర్డ్ ఆఫ్ మెడికల్ ఎగ్జామినర్స్ తన ప్రశ్నకర్తలకు ఇచ్చే సూచనల్లో, ఆప్షన్లు మూసి ఉంచినా జవాబు చెప్పగలిగేలా ప్రశ్న ఉండాలన్నది ముఖ్యమైనది. అంటే ప్రశ్న సరిగ్గా రాసినదైతే జవాబు కథలోనే ఉంటుంది. ఆప్షన్లు ముందే చదవమనే సలహా కూడా వినిపిస్తూ ఉంటుంది. పరీక్ష హాల్లో సమయం మించిపోతున్నప్పుడు అది ఆదుకోవచ్చు గానీ, సాధన దశలో అది అభ్యర్థికి ఆలోచించే పని తప్పించి గుర్తుపట్టే పని మాత్రమే మిగులుస్తుంది.

ఒక కేసును దగ్గరగా చూస్తే

పైన చెప్పిన 62 ఏళ్ల రోగినే తీసుకుందాం. చాలా ఏళ్లుగా రక్తపోటు ఉంది, మందులు సరిగా వాడడం లేదు. గంట క్రితం హఠాత్తుగా, మొదలైన క్షణంలోనే భరించలేనంత తీవ్రతతో ఛాతీలో నొప్పి వచ్చింది. చీల్చినట్టుగా ఉందని, వీపులోకి పాకుతోందని చెబుతున్నాడు. కుడి చేతిలో బీపీ 178/96, ఎడమ చేతిలో 142/80. పల్స్ 104. ఛాతీ ఎముక ఎడమ అంచున డయాస్టొలిక్ మర్మర్ వినిపిస్తోంది. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ ఎలివేషన్ (సాధారణంగా గుండెపోటును సూచించే మార్పు) ఉంది. ప్రశ్న: తర్వాతి సరైన చర్య ఏది? ఆప్షన్లలో థ్రాంబోలిసిస్ (గడ్డ కరిగించే మందు), హెపారిన్, అయోర్టా (గుండె నుంచి బయలుదేరే మహాధమని) సీటీ యాంజియోగ్రఫీ, ట్రోపోనిన్ ఫలితం కోసం వేచి ఉండటం, సబ్‌లింగ్వల్ నైట్రేట్ ఉన్నాయి.

ఎస్‌టీ ఎలివేషన్ కనబడగానే చేయి థ్రాంబోలిసిస్ వైపు వెళుతుంది. ప్రశ్నకర్త వేసిన వల అదే. ఈసీజీ అబద్ధం చెప్పడం లేదు, గుండె కింది గోడకు రక్తం నిజంగానే అందడం లేదు. అయితే దానికి కారణం కొరొనరీలో, అంటే గుండెకు రక్తం అందించే ధమనిలో, పుట్టిన గడ్డ కాదు. అయోర్టా లోపలి పొర చీలి, ఆ చీలిక కుడి కొరొనరీ మొదలు దాకా పాకింది. నొప్పి మొదలైన తీరు, రెండు చేతుల మధ్య 20 మించిన సిస్టాలిక్ తేడా, కొత్త డయాస్టొలిక్ మర్మర్ అనే మూడు వివరాలూ ఒకే చోటికి చేరుస్తాయి: అయోర్టిక్ డిసెక్షన్, అదీ ఆరోహణ అయోర్టాను పట్టిన స్టాన్‌ఫర్డ్ ఏ రకం. ఇటువంటి రోగికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. బీపీ నిలకడగా ఉంది కాబట్టి సీటీ యాంజియోగ్రఫీ సరైన జవాబు.

ఇక్కడితో చాలామంది తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అసలు సాధన ఇక్కడి నుంచే మొదలవుతుంది. అదే కథను ఉంచి చివరి వాక్యం మాత్రం మార్చి చూడండి. మొదట ఇవ్వవలసిన మందు ఏది అని అడిగితే, ఎస్మొలాల్ లేదా లాబెటలాల్ వంటి బీటా బ్లాకర్‌ను నరం ద్వారా ఇవ్వాలి. సిస్టాలిక్ బీపీని 120 లోపుకు తేవడం లక్ష్యం. ముందుగా హైడ్రలజీన్ లాంటి రక్తనాళాలు వెడల్పు చేసే మందు ఒక్కటే ఎందుకు ఇవ్వకూడదు అంటే, గుండె వేగం ఎదురు పెరిగి చీలిక మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అంతిమ చికిత్స ఏది అంటే అత్యవసర శస్త్రచికిత్స. అదే చీలిక ఎడమ సబ్‌క్లేవియన్ ధమని దాటాక మొదలై, ఏ అవయవానికీ రక్తప్రసారం తగ్గకుండా ఉంటే జవాబు మందులతో చికిత్స.

ఇప్పుడు చివరి వాక్యాన్ని అలాగే ఉంచి కథలో ఒక్క వివరం మార్చండి. బీపీ 80/50కి పడిపోయింది, మెడ సిరలు ఉబ్బాయి, గుండె శబ్దాలు మందంగా వినిపిస్తున్నాయి అనుకుందాం. పెరికార్డియంలోకి, అంటే గుండె చుట్టూ ఉన్న సంచిలోకి, రక్తం చేరి గుండెను నొక్కే టాంపొనేడ్ వచ్చింది. ఈ రోగిని సీటీ గదికి పంపడం ప్రమాదం; మంచం దగ్గరే ఎకో చేసి, ఆపరేషన్ థియేటర్‌కు తరలించాలి. బీటా బ్లాకర్ మాట ఇక ఎత్తకూడదు. ఈ విధంగా ఒక్క కేసు నుంచి ఆరు ప్రశ్నలు పుట్టాయి, వాటిలో ఏ ఒక్కటీ మొదటి ప్రశ్నకు నకలు కాదు. క్వశ్చన్ బ్యాంకులో ఆరు వేర్వేరు ప్రశ్నలను హడావుడిగా నొక్కుకుంటూ పోవడం కన్నా దీనికి పట్టే సమయం ఎక్కువేమీ కాదు, మిగిలే జ్ఞానం మాత్రం చాలా ఎక్కువ.

వరుస తప్పితే మార్కు తప్పుతుంది

‘తర్వాతి చర్య’, ‘మొదటి పరీక్ష’, ‘అత్యంత కచ్చితమైన పరీక్ష’, ‘అంతిమ చికిత్స’ అనేవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. జబ్బు పేరు సరిగ్గా కనిపెట్టి కూడా మార్కు పోగొట్టుకునేవారు ఈ తేడాను పట్టించుకోనివారే. ఛాతీకి దెబ్బ తగిలి ఊపిరాడక వచ్చిన యువకుడికి ఒకవైపు శ్వాస శబ్దాలు లేవు, శ్వాసనాళం రెండోవైపు జరిగింది, బీపీ పడిపోతోంది అని చెప్పి ఆప్షన్లలో ఎక్స్‌రే పెడితే, అది టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఒత్తిడి పెరగడం) అని తెలిసినవారు కూడా నిర్ధారణ కోసం ఎక్స్‌రే ఎంచుకుంటారు. అక్కడ నిర్ధారణకు వేచి ఉండే వ్యవధి లేదు. ముందు ఛాతీలోని ఒత్తిడిని విడుదల చేసి, తర్వాత ట్యూబు వేయాలి.

నెల తప్పి ఏడు వారాలైన స్త్రీ పొత్తికడుపు నొప్పితో, కొద్దిపాటి రక్తస్రావంతో వస్తే గర్భాశయం బయట గర్భం నిలిచిందేమోనని అనుమానించాలి; వైటల్స్ బాగుంటే ట్రాన్స్‌వెజైనల్ అల్ట్రాసౌండ్, బీటా హెచ్‌సీజీ. ఆమెకే బీపీ పడిపోయి, కడుపు బిగుసుకుపోయి, గర్భ పరీక్ష పాజిటివ్ అయి ఉంటే, రక్తం, ద్రవాలు ఎక్కిస్తూనే శస్త్రచికిత్సకు తీసుకుపోవాలి. అటువంటి గర్భాన్ని శస్త్రచికిత్స లేకుండా ఆపే మెథోట్రెక్సేట్ అనే మందు ఆప్షన్ మొదటి సందర్భంలో ఇంకా నిర్ధారణ కాలేదు కాబట్టి తప్పు, రెండో సందర్భంలో సమయం దాటిపోయింది కాబట్టి తప్పు. ఒకే ఆప్షన్ రెండు చోట్లా తప్పే, కారణాలు మాత్రం వేరు. ఆ కారణాన్ని చెప్పగలిగినప్పుడే ఆ ప్రశ్న మీకు వచ్చినట్టు.

అలాగే నాలుగు వారాల పసివాడు పాలు తాగిన ప్రతిసారీ పైత్యం కలవని వాంతిని దూరంగా చిమ్ముతున్నాడు, వాంతి అయ్యాక మళ్లీ ఆకలితో ఏడుస్తున్నాడు అంటే పైలోరిక్ స్టెనోసిస్ (జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్లే ద్వారం ఇరుకవడం) అని ఎవరైనా చెబుతారు. తర్వాతి చర్య శస్త్రచికిత్స అని ఎంచుకుంటే తప్పు. వాంతుల వల్ల క్లోరైడ్, పొటాషియం తగ్గి ఆల్కలోసిస్ ఏర్పడి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా మత్తు ఇస్తే మత్తు తర్వాత శ్వాస ఆగిపోయే ముప్పు ఉంది. ద్రవాలు, లవణాలు ముందు, పైలోరోమయాటమీ అనే ఆ శస్త్రచికిత్స తర్వాత.

అందువల్ల ప్రతి ముఖ్యమైన అత్యవసర స్థితికీ ‘ముందు ఏది, వెనుక ఏది’ అనే వరుసను చిన్న కాగితం మీద రాసుకోవడం మంచిది. జబ్బు నిర్వచనం, కారణాలు, వర్గీకరణ అందులో అక్కర్లేదు. నిలకడగా ఉంటే ఏం చేయాలి, నిలకడ తప్పితే ఏం చేయాలి అన్న రెండు వరుసలు చాలు.

జవాబు చూశాక చేయవలసిన పని

ప్రశ్నకు జవాబు పెట్టడానికి ఒకటిన్నర నిమిషం పడితే, దాన్ని సమీక్షించడానికి నాలుగైదు నిమిషాలు పట్టాలి. ఒప్పు వచ్చిన ప్రశ్నలను కూడా సమీక్షించాలి. తప్పుడు కారణంతో వచ్చిన ఒప్పు జవాబు, తప్పు జవాబు కంటే ప్రమాదకరం, ఎందుకంటే అది మీకు అనుమానం రానివ్వదు. ఇందుకోసం జవాబు నొక్కే ముందే ‘ఖాయం’, ‘సందేహం’, ‘ఊహ’ అని మూడింటిలో ఒకటి పక్కన రాసుకోండి. ‘ఖాయం’ అని రాసి తప్పు చేసిన ప్రశ్నలు మీ వద్ద ఉన్న అత్యంత విలువైన సరుకు, వాటిని ముందు చూడాలి.

సమీక్షలో మొదటి మెట్టు, తప్పు ఆప్షన్లలో ప్రతిదానికీ ‘ఈ జవాబు ఒప్పు కావాలంటే కథలో ఏం మారాలి?’ అని అడగడం. గొంతునొప్పి వచ్చి తగ్గిన పిల్లవాడికి మూత్రం టీ రంగులో వస్తోందన్న కేసు చూడండి. గొంతునొప్పి తర్వాత ఒకటి నుంచి మూడు వారాలకు వచ్చి, సీ3 (రక్తంలోని ఒక కాంప్లిమెంట్ ప్రొటీను) తగ్గి ఉంటే స్ట్రెప్టోకోకస్ అనంతర గ్లొమెరులోనెఫ్రైటిస్. గొంతునొప్పితో పాటే, ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి, సీ3 మామూలుగా ఉంటే ఐజీఏ నెఫ్రోపతీ. రెండింటినీ వేరు చేసింది వ్యవధి, సీ3 అనే రెండే వివరాలు. పుస్తకంలో ఈ రెండు జబ్బులకూ పేజీల కొద్దీ సమాచారం ఉంటుంది, కానీ పరీక్షలో ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీసేది ఒకటి రెండు గీతలే. ఆ గీతలను పట్టుకోవడమే సమీక్ష. ఇలా జంటలుగా నేర్చుకున్నది విడివిడిగా నేర్చుకున్నదాని కన్నా గట్టిగా నిలుస్తుంది.

రెండో మెట్టు, తప్పు ఏ జాతిదో గుర్తించడం. విషయం అసలు తెలియక చేసిన తప్పు ఒకటి. తెలిసి కూడా కథలోని వివరాన్ని దాటేయడం మరొకటి. జబ్బు తెలిసి వరుస తప్పడం ఇంకొకటి. మొదట సరైనది ఎంచుకుని, తగిన కారణం లేకుండానే మార్చుకోవడం కూడా ఉంటుంది. మందు ఒక్కో జాతికీ వేరు. విషయం తెలియనప్పుడు పుస్తకం తెరవాలి. వివరం దాటేసినప్పుడు ఎంత పుస్తకం చదివినా లాభం లేదు, చదివే తీరు మార్చుకోవాలి. తప్పు వచ్చిన ప్రతిసారీ సబ్జెక్టు మొత్తం తిరిగి చదవడానికి పూనుకునేవారు నెలలు గడిచినా అక్కడే ఎందుకు ఉండిపోతారో ఇక్కడ తెలుస్తుంది.

తప్పుల పుస్తకంలో ఒక్కో ప్రశ్నకు మూడు పంక్తులకు మించి రాయకూడదు: మీ ఒక వాక్యపు కథ, మీరు దాటేసిన వివరం, ఇకపై పాటించవలసిన నియమం. వివరణ మొత్తాన్ని అతికించి, రంగురంగుల గీతలు గీసి అందంగా తయారుచేసిన పుస్తకాలు తర్వాత ఎవరూ తెరవరు. నియమం రాసేటప్పుడు ‘ఎలక్ట్రోలైట్స్ సరిగ్గా చదవాలి’ లాంటి సంకల్పాలు పనికిరావు. ‘పసివాడి వాంతుల కేసులో శస్త్రచికిత్స ఎంచుకునే ముందు క్లోరైడ్, పొటాషియం చూడాలి’ అని రాస్తే అది నియమం.

ఎన్ని ప్రశ్నలు, ఏ క్రమంలో

రోజుకు వంద ప్రశ్నలు చేశామని చెప్పుకునేవారిని చూసి బెంగపడనక్కర్లేదు. సమీక్షతో కలిపి ముప్పై నలభై ప్రశ్నలు పూర్తిచేసిన రోజు మంచి రోజే. తొలిదశలో ఒక్కో వ్యవస్థను, అంటే గుండె, శ్వాస, మూత్రపిండాలు ఇలా విడివిడిగా చేయవచ్చు. అందులో ఒక చిక్కుంది: గుండె అధ్యాయంలో ఉన్న ప్రశ్నకు జవాబు గుండె జబ్బే అవుతుందని ముందే తెలిసిపోతుంది. నిజమైన పరీక్షలో ఊపిరాడని రోగికి గుండె జబ్బు కావచ్చు, ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, రక్తహీనత కావచ్చు, ఆందోళన కావచ్చు. కాబట్టి ఒక వ్యవస్థను ఒక చుట్టు ముగించగానే అన్నిటినీ కలిపిన ప్రశ్నలకు మారాలి. మార్కులు కొంత పడిపోతాయి. ఆ పడిపోవడాన్ని చూసి వెనక్కి తగ్గి మళ్లీ విడివిడి అధ్యాయాలకు పోకూడదు.

చదవడం కన్నా ప్రశ్నించుకోవడం మేలన్నది కేవలం అభిప్రాయం కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని తిరిగి చదివినవారు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంచుకున్నారు. వారం తర్వాత చూస్తే చదివినదాన్ని గుర్తు తెచ్చుకుంటూ తమను తాము పరీక్షించుకున్నవారే ముందున్నారు. తిరిగి చదవడం వల్ల వెంటనే కలిగే ‘వచ్చేసింది’ అన్న ధీమాను ఎందుకు నమ్మకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది. తప్పు చేసిన ప్రశ్నను మర్నాడు, తర్వాత వారానికి, తర్వాత మూడు నాలుగు వారాలకు మళ్లీ ఎదుర్కోవాలి. ప్రశ్న మొదటి పంక్తి చూడగానే జవాబు అక్షరం గుర్తొచ్చేస్తోందంటే ఆ ప్రశ్న అరిగిపోయినట్టు. అప్పుడు పైన చెప్పినట్టు కథలో ఒక వివరం మార్చి, దానికి జవాబు చెప్పుకోవాలి.

గడియారాన్ని మొదటి రోజు నుంచే పెట్టుకోనక్కర్లేదు. ఒక వాక్యపు సారాంశం రాయకుండానే మనసులో తయారయ్యే దశ వచ్చాక, మీ పరీక్షకు తగిన సమయంతో ఇరవై ప్రశ్నల చొప్పున, అది కుదురుకున్నాక పూర్తి నిడివితో చేయాలి. పూర్తి నిడివి మాక్ టెస్టులు పరీక్షకు ముందు మూడో నాలుగో చాలు, కానీ వాటిని నిజమైన పరీక్ష జరిగే వేళకే, మధ్యలో ఫోను ముట్టకుండా రాయాలి. రెండో గంట గడిచాక ఏ రకం తప్పులు పెరుగుతున్నాయో మాక్ టెస్టులోనే తెలుస్తుంది. సాధారణంగా అవి వివరాలను దాటేసే తప్పులు.

ఏ దేశపు పరీక్షకు ఆ దేశపు లెక్క

ఒక దేశపు పరీక్ష కోసం తయారైన క్వశ్చన్ బ్యాంకుతో మరో దేశపు పరీక్షకు సిద్ధమయ్యేవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. జబ్బు ఎక్కడైనా ఒకటే, నిర్ణయాలు మాత్రం ఆ దేశపు మార్గదర్శకాలను బట్టి మారతాయి. అమెరికా కార్డియాలజీ సంఘాల 2017 మార్గదర్శకాల ప్రకారం 130/80 నుంచే రక్తపోటు జబ్బు కింద లెక్క. బ్రిటన్‌లో చికిత్స మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ లెక్కలో ఆసుపత్రిలో కొలిచిన బీపీ 140/90 దగ్గర ఆ ఆలోచన మొదలవుతుంది. మధుమేహం లేని, 55 దాటిన రోగికి నైస్ ప్రకారం మొదటి మందు కాల్షియం చానల్ బ్లాకర్. ప్లాబ్ రాసేవారు ఇదే జవాబు పెట్టాలి.

కొలమానాలూ మారతాయి. గ్లూకోజ్ 180 మిల్లీగ్రాములు అని మనకు అలవాటైన అంకె, బ్రిటన్ ప్రశ్నలో 10 మిల్లీమోల్‌గా కనిపిస్తుంది. క్రియాటినిన్ 1 మిల్లీగ్రాము అక్కడ సుమారు 88 మైక్రోమోల్. పారాసిటమాల్‌ను అమెరికాలో అసెటమినోఫెన్ అంటారు, సాల్బ్యుటమాల్‌ను ఆల్బ్యుటెరాల్ అంటారు, అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్ అంటారు. పరీక్ష హాల్లో వీటిని మార్చుకుంటూ కూర్చోవడం కన్నా, సాధన మొదటి రోజు నుంచే ఆ పరీక్ష కొలమానాల్లోనే ఆలోచించడం సులువు.

చట్టం, నీతి, రోగితో మాట్లాడే తీరు మీద వచ్చే కేసులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వీటిని ఇంగితజ్ఞానంతో నెట్టుకురావచ్చని చాలామంది వదిలేస్తారు. మైనరు సమ్మతి, గోప్యత వంటి విషయాల్లో ఒక్కో దేశపు నియమం ఒక్కో తీరు. ప్లాబ్ రాసేవారు జనరల్ మెడికల్ కౌన్సిల్ ప్రచురించిన వృత్తి ప్రమాణాలను చదివి తీరాలి. రోగి కోపంగా ఉన్నాడన్న కేసుల్లో సమాచారం దంచే ఆప్షన్ కన్నా, ముందు అతని ఆందోళన ఏమిటో అడిగే ఆప్షన్ సాధారణంగా సరైనదవుతుంది.

జతగా సాధన, బొమ్మల ప్రశ్నలు

వారానికి ఒకటి రెండుసార్లు తోటి అభ్యర్థితో కలిసి కూర్చుని కేసులను ముక్కలు ముక్కలుగా చదివించుకోవడం చాలా ఉపయోగం. ఒకరు మొదటి వాక్యం చదివి ఆపాలి; రెండోవారు ఆ క్షణానికి తమ మనసులో ఉన్న మూడు జబ్బులు చెప్పాలి. వైటల్స్ చదివాక జాబితా ఎలా మారిందో, ల్యాబ్ ఫలితాలు వచ్చాక దేన్ని ఎందుకు కొట్టేశారో బయటికి చెప్పాలి. ఒంటరిగా చదివేటప్పుడు దాగిపోయే తర్కంలోని కంతలు పైకి చెప్పేసరికి వెంటనే తెలిసిపోతాయి. చదివేవారు వాదించకూడదు, ‘ఎందుకు?’ అని మాత్రం అడగాలి. ఇద్దరికి మించి కూర్చుంటే అది కబుర్ల సభగా మారే అవకాశమే ఎక్కువ.

ఈసీజీ, ఎక్స్‌రే, చర్మం మీది దద్దుర్ల బొమ్మలు ఉన్న ప్రశ్నల్లో, కథ చదవకముందే బొమ్మను మీ మాటల్లో వర్ణించడం అలవాటు చేసుకోవాలి. ఈసీజీ అయితే వేగం, లయ, అక్షం, ఆ తర్వాత పీ తరంగం నుంచి టీ తరంగం దాకా అదే వరుసలో. కథ ముందు చదివితే కళ్లు తాము ఆశించినదే చూస్తాయి.

పాత అభ్యర్థులు గుర్తు తెచ్చుకుని రాసిన ప్రశ్నల మీద ఆధారపడే అలవాటును నేను ప్రోత్సహించను. అది ఎన్నో పరీక్షల నియమాలకు విరుద్ధం, పైగా అటువంటి ప్రశ్నల్లో కథ సగం ఎగిరిపోయి జవాబు మాత్రం మిగులుతుంది. ఒక వైటల్స్ పంక్తి లేకపోతే జవాబు తలకిందులవుతుందని పైన గర్భిణి కేసులో చూశాం.

పరీక్షకు ముందు వారం రోజుల్లో కొత్త క్వశ్చన్ బ్యాంకు తెరవకూడదు. తప్పుల పుస్తకంలోని మూడో పంక్తులను, అత్యవసర స్థితుల వరుస కాగితాలను మాత్రమే తిరగేయాలి. హాల్లో ఒక ప్రశ్న దగ్గర సమయం మించిపోతే, అప్పటికి ఎక్కువ సబబుగా తోచినది పెట్టి, గుర్తు పెట్టుకుని ముందుకు సాగాలి. ఎఫ్‌ఎంజీఈలోనూ ప్లాబ్‌లోనూ యూఎస్‌ఎంఎల్‌ఈలోనూ తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఖాళీగా వదలడానికి కారణమే లేదు. సమయం మిగిలి వెనక్కి వచ్చినప్పుడు, జవాబు మార్చకూడదన్న పాత సలహాను గుడ్డిగా పాటించనక్కర్లేదు; జస్టిన్ క్రూగర్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు మార్చుకున్న జవాబుల్లో ఎక్కువ భాగం తప్పు నుంచి ఒప్పుకే మారాయి. అయితే కథలో మొదటిసారి దాటేసిన వివరం ఏదో వేలుపెట్టి చూపించగలిగినప్పుడే మార్చండి, అటువంటి వివరం ఏదీ దొరకకపోతే మొదటి జవాబునే ఉంచి తర్వాతి గుర్తుకు వెళ్లండి.